రేసు సైకిలు అమ్మకం

మారేడ్‌పల్లిలో మేం అద్దెకున్న పెంకుటింటిని పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతామని ఇంటివాళ్ళు చెప్పారు. మరీ ఇబ్బందేమీ కాలేదు, అప్పటికే రెండు వీధుల అవతల మేం ఒక ఫ్లాట్ కొనుక్కుని ఉన్నాం. ఏ సామాను ఎక్కడ పెట్టాలో నేను ముందే అనుకుని ఉంచాను. మంచాలకి, బీరువాకి, కుట్టుమిషనుకి, మా నాన్న పెళ్ళికి ఇచ్చిన హార్మోనియానికి కూడా చోటు కుదిరింది. కుదరనిది మా ఆయన సైకిలుకే.

సైకిలంటే పాలవాళ్ళు తొక్కే రకం కాదు. రేసు సైకిలు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, తోలు సీటు, వేలంత లావు టైర్లు, ఇంగ్లండులో తయారు. కంపెనీ పేరు నేను చెప్పను గానీ, మా ఆయన మాత్రం దాన్ని ఏనాడూ సైకిలనేవారు కాదు. ఎవరో పెద్దమనిషిని తలుచుకున్నట్టు ఆ కంపెనీ పేరుతోనే పిలిచేవారు.

ఆయన పుట్టి పెరిగింది లాలాగూడ రైల్వే క్వార్టర్లలో. మా మామగారు అక్కడి వర్క్‌షాపులో పనిచేసేవారు. వాళ్ళ లైనులో చివరింట్లో ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు ఉండేవాడట. ఆదివారం పొద్దున చర్చి కూడా మానేసి ఈ సైకిలెక్కి బొల్లారం దాకా పోయి వచ్చేవాడట. ఆ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ సామానంతా వాకిట్లో పెట్టి అమ్మింది. చుట్టుపక్కలవాళ్ళు కుర్చీలూ రేడియో పింగాణీ ప్లేట్లూ కొనుక్కుంటే, అప్పుడే ఉద్యోగంలో చేరిన మా ఆయన మొదటి జీతమంతా పెట్టి సైకిలు కొన్నారు. కొడుకు మొదటి జీతం చర్చిలో అర్పించాలని మా అత్తగారు మొక్కుకుని ఉన్నారు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆ సైకిలు వైపు చూసినప్పుడల్లా ఒక నిట్టూర్పు విడిచేవారు.

పెళ్ళయి నేను గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో "మనకు సైకిలున్నది" అని ఆయన చెబితే వెనక కూర్చుని ట్యాంక్‌బండ్ చూడ్డానికి వెళ్తామనుకున్నాను. తీరా చూస్తే దానికి క్యారియర్ లేదు. మడ్‌గార్డులు లేవు. స్టాండు లేదు. ఆఖరికి గంట కూడా లేదు.

"ఇవన్నీ ఏమైనాయండీ?" అన్నాను.

"రేసు బండికి బరువు ఉండొద్దు" అన్నారాయన.

నేను ఏ పద్దులోకి వస్తానో ఆ రోజే తెలిసింది.

తర్వాత్తర్వాత స్కూటరు వచ్చింది, మోకాలినొప్పి వచ్చింది, పొట్ట వచ్చింది. సైకిలు వరండా గోడకి రెండు మేకుల మీదికి ఎక్కింది. ఆయన దాన్ని తొక్కడం మానేశారు గానీ తుడవడం మానలేదు. చర్చి నుంచి రాగానే బట్టలు మార్చుకుని, పాత బనీను ముక్కతో ఒక్కో చువ్వా తుడిచేవారు. ఆ శ్రద్ధలో కొంచెం సీలింగు ఫ్యాను మీద చూపించమని నేను చాలాసార్లు అడిగాను.

"అమ్మేద్దామండీ" అన్నాను, సామాన్లు కట్టడం మొదలుపెట్టిన రోజుల్లో.

"నేనేమన్న వద్దన్ననా? అమ్ముదాం. మంచి మనిషి దొరకాలె."

ఆఫీసులో ఎవరి చేతనో ఇంటర్నెట్‌లో ప్రకటన పెట్టించారు. మొదట వచ్చిన మంచి మనిషి హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే యువకుడు. తన సైకిలు మీదే, హెల్మెట్ పెట్టుకుని, ఒంటికి అతుక్కుపోయిన బట్టలతో వచ్చాడు. మా సైకిలు ముందు గొంతుక్కూర్చుని, సెల్‌ఫోన్ లైటు వేసి, వెనక చక్రం దగ్గరి గేర్లని అటూ ఇటూ వంగి చూశాడు. సీటు మీద అరచేత్తో రాశాడు. మా పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ నన్ను అంత శ్రద్ధగా చూడలేదు.

"అంకుల్, గేర్ సెట్ ఒరిజినల్. సీట్ ఒరిజినల్. నేను ఎప్పట్నుంచో వెతుకుతున్నా వీటికోసం."

"నాకు తెలుసు బాబూ" అన్నారు మా ఆయన, ఛాతీ కొంచెం విరుచుకుని.

"ఫ్రేమ్ ఒక్కటే ప్రాబ్లం. ఎవరో పెయింట్ వేసి పాడుచేశారు. అది కూడా బ్రష్‌తో."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఆ ఎవరో ఆయనే. ఒక వేసవిలో మా కిటికీలకి వెయ్యగా మిగిలిన ఆకుపచ్చ రంగు వృథా చెయ్యడమెందుకని దానికి రెండు కోటింగులు వేశారు. అప్పట్నుంచీ సైకిలూ కిటికీలూ ఒకే కుటుంబంలా ఉండేవి.

"మొత్తంగా అమ్మితే పెద్దగా రాదంకుల్. ఒరిజినల్ పెయింట్ లేదు కదా. పార్ట్‌లుగా అమ్మితే దాదాపు డబుల్ వస్తుంది. గేర్లూ సీటూ నేనే తీసుకుంటా."

అతను వెళ్ళాక మా ఆయన చాలాసేపు వరండాలో కూర్చున్నారు. ఆయన్ని బాధపెట్టింది ధర కాదు. ఆ సైకిలులో పనికిరానిదల్లా ఆయన చేతిమీదుగా జరిగిన పని ఒక్కటే అని తేలడం.

"గిదేం లెక్క? అన్నీ కలిసుంటే సగం, విడిపోతే డబులా?" అన్నారు నాతో.

నేను బళ్ళో లెక్కల టీచర్ని. భాగాలన్నీ కలిపితే మొత్తం అవుతుందనే చెప్పుకుంటూ వస్తున్నాను.

ఇక ఇంట్లో రోజూ అదే చర్చ. పొద్దున కాఫీ దగ్గర మొత్తంగా అమ్మాలని నిర్ణయమయ్యేది. రాత్రి భోజనానికల్లా విడిగా అనే పక్షం గెలిచేది. అవి రాష్ట్రం ఒకటిగా ఉండాలా, రెండు కావాలా అని ఊరంతా వాదించుకుంటున్న రోజులు. మా స్టాఫ్‌రూములో మాత్రం ఆ ఊసు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తూ నేను, ఏమీ ఆలోచించకుండా, "మీరే చెప్పండి, కలిపి ఉంచడం మంచిదా, విడగొట్టడం మంచిదా? మా ఇంట్లో దీనితోనే సరిపోతోంది" అన్నాను.

అందరి చేతులూ అన్నంలో ఆగిపోయాయి. వరంగల్ టీచరుగారు నా వైపు చూశారు. నెల్లూరు టీచరుగారు వరంగల్ టీచరుగారి వైపు చూశారు.

"సైకిలండీ" అన్నాను.

ఎవరూ నమ్మలేదు. ఆ వారమంతా ఇద్దరూ నాతో విడివిడిగా, చాలా మర్యాదగా మాట్లాడారు.

రెండో మనిషి తార్నాక వైపు కొత్తగా కాఫీ హోటలు తెరవబోతున్న పెద్దమనిషి. సైకిలు చూడగానే, "మొత్తం తీసుకుంటా సార్. మీరు చెప్పిన రేటే" అన్నాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది. కుర్చీ వేయించి, నాచేత టీ పెట్టించి, ఇంజను డ్రైవరు కథ, బొల్లారం కథ, రైల్వే ఇన్‌స్టిట్యూట్ సైకిలు పోటీల్లో తనకి రెండో బహుమతి వచ్చిన కథ అన్నీ చెప్పారు. ఆ పోటీలో ఎంతమంది పాల్గొన్నారో ఆయన ఎప్పుడూ చెప్పరు.

"మరి తొక్కేదెవరు? మీరా, మీ అబ్బాయా?" అని అడిగారు చివరికి.

"తొక్కడానిక్కాదు సార్. హోటల్లో గోడకి పెడతా. సైకిలు గోడలోంచి దూసుకొస్తున్నట్టు, సగం బయటికి కనపడాలి."

"మిగతా సగం?"

"మధ్యలో కోయిస్తాం కదా సార్. వెనక సగం ఎదురు గోడకి. ఇట్నుంచి దూరి అట్నుంచి వచ్చినట్టు ఉంటది. అంటే మొత్తం వాడినట్టే."

మా ఆయన అతని చేతిలోంచి కప్పు తీసుకున్నారు. అందులో ఇంకా టీ ఉంది.

"పోయి రా బాబూ" అన్నారు.

ఆ శనివారమే సైకిలు విప్పడం షురూ చేశారు. "కోసేదానికంటే విప్పేది నయం. పార్టులన్న ఇంకో సైకిల్ మీద తిరుగుతయ్" అన్నారు. వరండా అంతా న్యూస్‌పేపర్లు పరిచి, ఒక్కో బోల్టూ కిరసనాయిల్లో నానబెట్టి, తుడిచి, వరసగా పేర్చారు. పాత పెరుగు గిన్నెల్లో బేరింగుల గుండ్లు. నా పోపుల డబ్బాలో వాషర్లు. ఇంట్లో ఏది తిన్నా కిరసనాయిలు వాసనే. ఫ్లాట్‌కి తీసుకెళ్ళాల్సిన ఒక్క సైకిలు బదులు ఇప్పుడు దాదాపు ఒక దుకాణం తయారైంది.

హైటెక్ సిటీ యువకుడికి కబురు పెడితే ఎగురుకుంటూ వచ్చాడు. సరాసరి సీటు చేతిలోకి తీసుకున్నాడు.

"సీటు తప్ప" అన్నారు మా ఆయన.

"అంకుల్, సీటే కదా మెయిన్!"

"ఇన్నేండ్లు కూసున్న బాబూ. ఆ తోలు నా షేపుకొచ్చింది. ఇంకొకరికి పనికిరాదు."

నేను వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నాను. ఆ సీటు రాయిలా ఉంటుందని, తువ్వాలు నాలుగు మడతలు వేసుకోకుండా ఆయన దాని మీద ఏనాడూ కూర్చోలేదు. అందులో ఏదన్నా షేపు ఉంటే అది ఆస్ట్రేలియాలో ఉన్న డ్రైవరుది.

"పోనీ గేర్లయినా ఇవ్వండంకుల్."

"గేర్లు నీకిస్తే మిగిలింది ఎవరు కొంటరు?"

"మీరే కదా పార్ట్‌లుగా అమ్ముతా అన్నారు?"

"అమ్ముత. కానీ అందరు ఒక్కసారి రావాలె."

ఆ యువకుడు నా వైపు చూశాడు. బళ్ళో నేను అర్థంకాని లెక్క చెప్పినప్పుడు పిల్లలు చూసే చూపు అది. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇల్లు ఖాళీ చేసే గడువు దగ్గరపడింది. వరండాలో నడవాలంటే చక్రం దాటి, చైను దాటి, పెడళ్ళు దాటి నడవాలి. ఒకరోజు ఫ్రేము నా చీరకి తగులుకుని అంచు చిరిగింది. ఆ కోపంలోనే నాకు ఉపాయం తట్టింది.

"ఏవండీ, చర్చికిచ్చేద్దాం. కోతపండగ వేలంలో పెడతారు."

మా చర్చిలో ఏటా కోతపండగ చేస్తాం. సికింద్రాబాదులో మాకెవరికీ సెంటు పొలం లేదు. అయినా కోతపండగ మానం. మోండా మార్కెట్లో గుమ్మడికాయలూ అరటిగెలలూ కొనుక్కొచ్చి, మా కష్టార్జితమైన పంటగా దేవుడికి అర్పిస్తాం. ఆరాధన అయ్యాక ఆవరణలో షామియానా కింద వాటిని వేలం వేస్తారు. భక్తి ఎక్కువైనవాళ్ళు ఒక నిమ్మకాయని కోడి ధరకి పాడుకుని, మళ్ళీ వేలానికే తిరిగి ఇచ్చేస్తారు. ఒకే నిమ్మకాయ ఒక పూటలో చాలా చేతులు మారుతుంది.

మా ఆయన కాసేపు ఆలోచించారు. "దేవునికిచ్చేదాంట్ల బేరం ఉండదు" అన్నారు. ఆ మాటతో ఆయన మనసుకి పెద్ద బరువు దిగినట్టయింది. మొత్తమా, విడిగానా అన్న ప్రశ్న దేవుడి మీదికి నెట్టేశారు. దేవుడికి విడిభాగాలు ఇవ్వడం బాగుండదు కాబట్టి మళ్ళీ బిగించడం మొదలుపెట్టారు. విప్పడానికి ఒక్క రోజు పడితే బిగించడానికి వారం దాటింది. నా పోపుల డబ్బా నాకు తిరిగొచ్చింది గానీ, ఆ డబ్బాతో పెట్టిన పోపు ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికీ నచ్చదు.

పండగ రోజు తాను వేలం దగ్గరికి రానన్నారు. "చూడబుద్ధి కాదు. గేటు దగ్గర ఉంట" అన్నారు. నేను ఆడవాళ్ళ వైపు కుర్చీల్లో కూర్చున్నాను. గుమ్మడికాయలు, కేకులు, రెండు కోళ్ళు, ఒక కుట్టని లంగా గుడ్డ అయ్యాక సైకిలు వంతు వచ్చింది. మైకు పట్టుకున్న సంఘపెద్ద రైల్వేలో రిటైరైన మనిషి, గొంతు స్టేషనంతా వినపడేలా ఉంటుంది.

"ఇంగ్లండు సైకిలు! గేర్ల సైకిలు! ఎవరు పాడతారు?"

ఎవరూ పాడలేదు. కాసేపటికి, పచ్చళ్ళ వ్యాపారం చేసే ఒకాయన లేచి, "చక్రాలు మాత్రం విడిగా ఇస్తారా? నా తోపుడుబండికి పనికొస్తాయేమో" అన్నారు.

"విడిగానా?" సంఘపెద్ద సైకిలు వైపు చూశారు, జనం వైపు చూశారు. "మంచి మాటే. విడిగా పాడితే చర్చికి ఎక్కువ వస్తుందేమో! ముందు చక్రాలు పెడదామా?"

నా చెయ్యి పైకి లేచింది. మొత్తం సైకిలుకి పాడేశాను. ఎందుకు పాడావని అడిగితే ఏదో ప్రేమ అని చెప్పాలని ఉంటుంది. నిజానికి ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది కిరసనాయిలు వాసన. అంత చాకిరీతో బిగించినదాన్ని నా కళ్ళముందే ఎవరో మళ్ళీ విప్పుతుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు.

"కుడి పక్క నుంచి పాట వచ్చింది! ఎడమ పక్క ఎవరు?"

ఎడమ పక్క, మగవాళ్ళ వెనకనుంచి, ఎవరో పాట పెంచారు. జనం అడ్డం, మైకు హోరు, గొంతు వినపడలేదు. పచ్చళ్ళాయనే అనుకున్నాను. నేనూ పెంచాను. ఎడమ పక్క మళ్ళీ పెరిగింది. నాకు పంతం వచ్చింది. మామిడికాయ పచ్చడిలో ఉప్పెక్కువ వేసే మనిషికి ఇంత పొగరా అనుకున్నాను. ఇంకా పెంచాను. అందరూ మెడలు అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. కొందరు నవ్వుతున్నారు. నా పక్కనున్నావిడ నా మోచేయి గిల్లింది, నేను పట్టించుకోలేదు.

చివరికి పాస్టరుగారు లేచి వచ్చి సంఘపెద్ద చెవిలో ఏదో చెప్పారు. ఆయన మైకు సర్దుకున్నారు.

"ప్రియులారా, ఈ పాట ఒకే ఇంటి యజమానికీ ఇల్లాలికీ మధ్య జరుగుతున్నది. ఇందులో సంఘం జోక్యం చేసుకోదు. పాట కొనసాగవచ్చు!"

షామియానా అంతా గొల్లుమంది. లేచి చూస్తే, జనం వెనక మునివేళ్ళ మీద నిలబడి, చెయ్యెత్తి, మా ఆయన. గేటు దగ్గరుంటానన్న మనిషి. నన్ను చూసి ఆయన చెయ్యి మెల్లగా దిగింది. కానీ ఆఖరి పాట ఆయనదే అయింది. పచ్చళ్ళాయన ఎప్పుడో చక్రాల ఆశ వదులుకుని కోడి కొనుక్కుని ఇంటికెళ్ళిపోయారట. మేం తీసుకుని మళ్ళీ వేలానికి ఇస్తామేమోనని సంఘపెద్ద మైకు దించకుండా చాలాసేపు ఎదురుచూశారు. మేమిద్దరం ఆయన వైపు చూడలేదు.

ఇంటికి నడుస్తూ, సైకిలు తోసుకొస్తున్న ఆయన్ని అడిగాను. "మీరెందుకు పాడారు?"

"నువ్వెందుకు పాడినవ్?"

"ఎవరో చక్రాలు విడిగా అడిగారుగా."

"నేను గందుకే. మొగోళ్ళ దిక్కు ఎవరన్న ఆపుతరేమోనని చూసిన. ఒక్కడు మాట్లాడలే." కాస్త దూరం పోయాక, "మా అమ్మ మొక్కు తీరినట్టే" అన్నారు. వడ్డీతో సహా తీరిందని నేను అనలేదు.

ఫ్లాట్‌కి మారాం. సైకిలు సెల్లారులో గోడకి ఆనించాం. మర్నాడే ఫ్లాట్ల అసోసియేషన్ సెక్రటరీగారు పైకి వచ్చారు. తాతల కాలం నుంచీ ఈ ఊళ్ళోనే ఉన్న కుటుంబం, మంచి మనిషి, రూల్సంటే ప్రాణం.

"సార్, పాత సామాన్ గీడ పెట్టొద్దు. సెల్లారు బండ్లకు."

"సామాన్ కాదు, బండే అది" అన్నారు మా ఆయన.

"తొక్కుతరా మరి?"

మా ఆయన వంగి టైరులో గాలి నొక్కి చూశారు.

"తొక్కంది బండెట్లయితది సార్?"

సైకిలు పైకొచ్చింది. ముందు చక్రం తీస్తేగానీ బాల్కనీలో పట్టలేదు. చక్రం మంచం కిందా, మిగతాది వాషింగ్ మెషీను పక్కనా. అంత డబ్బు పోసి మొత్తంగా కొనుక్కున్న సైకిలు మా ఇంట్లో రెండు ముక్కలుగా కాపురం ఉంది.

ఆ సంవత్సరం బంద్‌లు ఎక్కువ. ఒక బంద్ రోజు పొద్దున సెక్రటరీగారు మళ్ళీ తలుపు తట్టారు. ఈసారి గొంతు వేరేగా ఉంది.

"సార్, జెర తక్లీఫ్ ఇస్తున్న. మా అమ్మ సీతాఫల్‌మండిల మా అక్క దగ్గరున్నది. బీపీ గోలీలు గీడనే మర్చిపోయింది. ఆడ దుకాణాలన్ని బంద్. కారు తీస్తే అద్దాలు పగులగొడ్తరు, స్కూటర్లను సుత ఆపుతున్నరట. సైకిలోన్ని ఎవ్వరేమన్రు. మీ బండి ఉన్నది గద..."

బండి అన్న మాట మా ఇద్దరికీ వినపడింది. మా ఆయన మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. "చక్రం ఎక్కియ్యాలె. జెర ఆగుండ్రి" అన్నారు. మంచం కిందికి దూరి చక్రం తీశారు. గాలి కొట్టారు. ప్యాంటు కాళ్ళకి నా జడ రబ్బర్లు వేసుకున్నారు. గోలీల పొట్లం చొక్కా జేబులో పెట్టుకుని, సీటు మీద తువ్వాలు మడిచి వేసి బయల్దేరారు.

నేను బాల్కనీలోంచి చూశాను. రోడ్డు మీద ఒక్క బండి లేదు. పొట్ట అడ్డం పడుతున్నా వీపు వంచి, ఆ కొమ్ముల హ్యాండిలు పట్టుకుని, మలుపు దాకా బాగానే వెళ్ళారు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి నేను చూస్తున్నానో లేదో చూసుకోబోయి, కాస్త తూలి, సర్దుకున్నారు. నేను చూడనట్టు పక్కకి తిరిగాను.

మధ్యాహ్నం దాటాక వచ్చారు. గేటు దగ్గర సెక్రటరీగారే ఎదురెళ్ళి, సైకిలు అందుకుని, తన కారు పక్కన గోడకి స్వయంగా ఆనించారు. అది ఆ తర్వాత అక్కడే ఉండిపోయింది, అమ్మే మాట కూడా మా ఇంట్లో మళ్ళీ రాలేదు. మా ఆయన మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, రెండు గ్లాసుల నీళ్ళు తాగారు. చేతిలో స్టీలు డబ్బా ఉంది. మొహం మాత్రం గెలిచిన మనిషిలా లేదు.

"మోకాలు నొప్పా?"

"మోకాలుకేం కాలె."

"మరి?"

డబ్బా నా చేతికిచ్చారు. తర్వాత చెప్పారు. లాలాగూడ క్వార్టర్ల ముందునుంచే వెళ్ళారట, ఎవరన్నా గుర్తుపడతారేమోనని కొంచెం నెమ్మదిగా కూడా తొక్కారట. ఎవరూ తలెత్తలేదు. సీతాఫల్‌మండిలో సెక్రటరీగారి తల్లి అరుగు మీదే కూర్చుని ఉందట. ముసలావిడ గోలీలు తీసుకుని, ఆయన్ని చూసి, సైకిల్ని చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసిందట.

"ఏమందావిడ?"

"'ఏందయ్యా, గీ వయసుల గీ ఎండల సైకిల్ తొక్కుకుంట వచ్చినవా? నీకు బండి కొనిచ్చెటోళ్ళు ఎవ్వరు లేరా?' అన్నది. టైరు పట్టుకోని చూసి, 'అయ్యో, తొక్కి తొక్కి చక్రాలు సుత బక్కగైనయ్' అన్నది."

"ఇంగ్లండుదని చెప్పలేదా?"

"చెప్పిన. ఇంకా జాలి పడ్డది."

నేను నవ్వు ఆపుకుందామని డబ్బా మూత తీశాను. సర్వపిండి. ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి తినిపించి, "ఇంట్ల నీ భార్య సుత ఏం తిన్నదో ఏమో" అని నాక్కూడా పంపిందట. బియ్యప్పిండిలో నువ్వులూ పల్లీలూ దండిగా వేసి, అంచులు కరకరలాడేలా కాల్చింది. మధ్యాహ్నం నేను వండిన కూర అలాగే పక్కన పెట్టి, ఇద్దరం ఆ డబ్బాలోదే తిన్నాం.